కాకి వీపు మీద తనుకి

మా ఆయన పేరు కునియాకి. ఒకయామా నగర శివార్లలోని ఒక డ్రైవింగ్ స్కూల్లో పరీక్షలు పెడతారు. అద్దం చూడకుండా మలుపు తిప్పాడని నా సొంత తమ్ముణ్ణి రెండుసార్లు ఫెయిల్ చేశారు. సెలవు రోజుల్లో ఆయన మరో రకం పరీక్షకుడు.

ఏడేళ్ళ కిందట ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక మీద ఎనిమిది మంది కలిసి మొదలుపెట్టిన పోటీ అది. పాత వీడియో గేమ్ ఒకటి ఎంచుకుంటారు. దాన్ని కంప్యూటర్లో సెకనులో అరవయ్యో వంతు చొప్పున ఆపి ఆపి నడుపుతూ, ఏ క్షణాన ఏ బటన్ నొక్కాలో నిర్ణయిస్తారు. తప్పు పోతే వెనక్కి వెళ్ళి దిద్దుకుంటారు. ఆ అరవయ్యో వంతునే ఫ్రేమ్ అంటాం. చివరికి మిగిలేది నొక్కిన బటన్ల జాబితా. న్యాయనిర్ణేత దాన్ని తన కంప్యూటర్లో నడిపితే ఆట దానంతటదే ఆడుకుంటూ పోతుంది. ఎవరి జాబితా తక్కువ ఫ్రేముల్లో ఆట ముగిస్తే వాళ్ళదే గెలుపు. బహుమతి ఏమీ లేదు, పేరు పైన ఉంటుంది.

మొదటి ఏడాది అందరూ తమ జాబితాలు బాహాటంగా పెట్టుకున్నారు. ఒకరి కిటుకు ఇంకొకరు ఎత్తుకుపోయి, చివరి రోజుకి ఎనిమిదీ దాదాపు ఒకటే అయ్యాయి, ఎనిమిది మందికీ మాటల్లేకుండా పోయాయి. అప్పటి నుంచి అంతా గుట్టు. ఆ గుట్టుకి నలభై ఒక్క నియమాలు రాసింది మా ఆయనే. న్యాయనిర్ణేత భార్య పోటీ చెయ్యకూడదని వాటిలో ఎక్కడా లేదు. ఆయనకి ఆ ఊహే రాలేదు.

ఇప్పుడు పోటీ జట్ల మధ్య. మూడేళ్ళుగా నేను ‘ముల్లంగి’ అనే పేరుతో ఒక జట్టులో ఉన్నాను, తక్కిన సభ్యులు ఆ పేరే తప్ప నన్ను ఎరగరు. మధ్యాహ్నాలు ఆయన స్కూల్లో ఉండగా, మా అత్తగారు సుజుయో గదిలో, ఆయన పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ మీద పని. మొదట్లోనే చెబుదామనుకున్నాను. ఈలోగా చర్చావేదికలో పద్నాలుగో నియమం మీద ఆయనకీ ముల్లంగికీ గొడవైంది. ఆ సాయంత్రం అన్నం దగ్గర ఆయన, “వీడెవడో గానీ పరమ మొండివాడు” అన్నారు. ఇక చెప్పడం కుదరలేదు.

మొదటి రెండేళ్ళూ మా జట్టుది రెండో స్థానమే. పోయినేడు నాలుగు ఫ్రేముల్లో పోయింది. ఈసారి మాత్రం మాదేనని నమ్మకం. ఆట ఏమిటంటే, తనుకి అనే నక్కలాంటి జంతువు నెత్తిన తోఫు, అంటే సోయా జున్ను, పళ్ళెంతో ఇళ్ళ కప్పుల మీద పరుగెత్తాలి. మూడో అంచెలో కాకులు తరుముతాయి. మిగతా జట్లన్నీ కింద సందులోకి దిగి తప్పించుకుంటాయని మా అంచనా. మా అత్తగారు అల్లుతున్న స్వెట్టర్ దించి, “తప్పించుకోవడం దేనికే? దాని వీపెక్కి పొమ్మను” అంది. ఎక్కించాం. ముప్ఫై ఫ్రేములు కలిసొచ్చాయి.

ఫలితాలు ప్రకటించే ఆదివారం పొద్దున, కాల్చిన చేప ముల్లు తీస్తూ ఆయన అన్నారు:

“పంతొమ్మిది జట్లలో ఒకటి పోయింది. మూడో అంచెలో తాళం తప్పుతోంది. కాకి అటు వస్తే వీళ్ళ తనుకి ఇటు దూకుతుంది. నేరుగా కాలవలోకి!”

మిసో చారు గిన్నె కింద పెట్టాను. “ఏ జట్టండీ?”

“ఆ ముల్లంగి వాళ్ళే. మూడుసార్లు నడిపాను, మూడుసార్లూ ములిగింది. పన్నెండింటికి అనర్హులని రాసేస్తా.”

అత్తగారు నా వైపు చూసింది. నేను చేప వైపు చూశాను.

కారణం నాకు తెలుసు. కాకులు ఎటు నుంచి రావాలో ఆ ఆట తన జ్ఞాపకంలో ఉన్న స్కోర్ల పట్టికని బట్టి నిర్ణయించుకుంటుంది. సందులోకి దిగేవాళ్ళకి అది ఎటు వచ్చినా ఒకటే, మాకు కాదు. మేం ఖాళీ పట్టికతో చేశాం, నియమం కూడా అదే. కానీ కిందటి నెల ఈయన సరదాకని చేత్తో ఆడి, పదకొండు రోజుల పట్టుదలతో నలభై ఎనిమిది వేలు కొట్టి, పట్టికలో మొదట తన పేరు ఎక్కించుకున్నారు. నన్నూ అత్తగారినీ పిలిచి మరీ చూపించారు.

“ఆ పాత స్కోరేదో అడ్డం పడుతోందేమోనండీ,” అన్నాను మెల్లగా.

“మిత్సుయే, ఇది కుక్కర్ కాదు, గాస్కెట్ తీసి కడగడానికి,” అని నవ్వారు.

“ఏమో, ఒకసారి చెరిపి చూడకూడదూ?”

“దాన్నా? మళ్ళీ నా వల్ల అవుతుందా?” అని లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ‘అనర్హులు’ అని ముందే టైపు చేసి పెట్టుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

అత్తగారు మోచేత్తో పొడిచింది. “నోట్లో ముల్లు గుచ్చుకుందా? చెప్పవేం?”

“రెండు వేల నాలుగు వందల పదకొండో ఫ్రేములో,” అన్నాను, గొంతు పెద్దదైపోయింది, “కుడి బటనూ ఎడమ బటనూ ఒకేసారి నొక్కాం. కాకి కుడి నుంచి వస్తేనే తనుకి దాని వీపు మీద పడుతుంది. మీ నలభై ఎనిమిది వేలు ఉన్నంతసేపూ అది ఎడమ నుంచే వస్తుంది.”

టైపు ఆగింది. ఆయన కుర్చీతో సహా తిరిగారు.

“నువ్వు... ముల్లంగివా?”

“అవునండీ.”

“పద్నాలుగో నియమం గురించి నన్ను ‘చదువొచ్చిన రాయి’ అన్నది...”

“నేనే. తర్వాత బాధపడ్డాను.”

“నేను పడలేదు,” అంది అత్తగారు. “ఆ మాట నేనే చెప్పా.”

“అమ్మా, నువ్వు కూడానా!”

“ఎందుకురా అరుస్తావ్? ముందు దాని జాబితా సరిగ్గా నడిపి చూడు. తమ్ముడికి చూపించిన న్యాయం అక్కకి చూపించవా?”

ఆయన చాలాసేపు స్కోర్ల పట్టిక తెరిచి చూస్తూ కూర్చున్నారు. ఫోన్‌తో దాన్ని ఫొటో తీసుకున్నారు. సరిగా రాలేదని మళ్ళీ తీశారు. తర్వాత చెరిపేశారు.

మా జాబితా నడిచింది. కాకి కుడి నుంచే వచ్చింది. తనుకి దాని వీపు మీద కూర్చుని, తోఫు తొణక్కుండా కాలవ దాటింది. ఆట ముగిసేసరికి, అప్పటిదాకా మొదట ఉన్న జట్టుకన్నా ఇరవై ఆరు ఫ్రేములు ముందున్నాం.

“ఇప్పుడు నేను మీకు గెలుపిస్తే ఎవరు నమ్ముతారు?” అన్నారాయన. గొంతులో కోపం లేదు, పరీక్షకుడి గొంతది.

చర్చావేదికలో అన్నీ రాశారు: “నా యంత్రంలో పాత స్కోరు మిగిలింది, తప్పు నాది. ముల్లంగి నా భార్య, ఈ పొద్దున్నే తెలిసింది. వేరెవరైనా పరీక్షించండి.”

మొదటి జవాబు మా జట్టులోని సెండాయ్ మందుల షాపాయనది: “ముల్లంగి ఆడమనిషా? మూడేళ్ళుగా నేను గడ్డం గీసుకోవడం గురించి సలహాలు అడుగుతున్నానే!” మరొకాయన అడిగాడు: “ఒకే ఇంట్లో ఉండి తెలియలేదా? మీరు డ్రైవింగ్ పరీక్షలు పెడతారు కదా?” ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సప్పోరోలో మొదటి ఏటి ఎనిమిది మందిలో ఒకాయన ఉన్నాడు. ఆయన ఖాళీ పట్టికతో మా జాబితా రెండుసార్లు నడిపి, ఒంటిగంటకి ఒక్క ముక్క రాశాడు: సరిగ్గా ఉంది.

ఆయన ఫలితాలు టైపు చెయ్యడం మొదలుపెట్టారు. మొదటి స్థానం దగ్గర మా జట్టు సభ్యుల పేర్లు ఒక్కొక్కటే ఎక్కించి, ముల్లంగి దగ్గర ఒక్క క్షణం ఆగి, అదీ ఎక్కించారు.

“ఇంకొకటుంది,” అంది అత్తగారు. “కాకి ఎక్కమన్నదెవరు?”

“అమ్మా, నీకు చర్చావేదికలో పేరు లేదు.”

“ఇప్పుడు పెట్టు. నల్లకాకి అని రాయి.”

కళ్ళజోడు తెచ్చుకుని కొడుకు భుజం పక్కనే కూర్చుంది, అక్షరం ఎక్కడ తప్పు పోతుందోనని.