తాళం వేసిన పరీక్షలు

పంపింది అందరికీ కాదేమో, తనకు తానే పంపుకుందేమో, ఒక్కసారి చూస్తే తేలిపోతుంది, కానీ సంచిలోంచి ఫోన్ తీయడానికి బ్లాంకకు చేతులు రావడం లేదు, ట్రామ్ కుదుపుకు ఒళ్లోని రొట్టె ముక్క జారిపడింది, పడనీ, చివరికి తీసింది, అందరికీ వెళ్లింది, నాలుగు వందల మందికి, తమ ప్రోగ్రాము తప్పిన మూడు పరీక్షలూ పేర్లతో సహా, ఎందుకు పంపావే మొద్దూ అంటే ఏం చెబుతుంది, అలవాటు, ఆరేళ్ల అలవాటు, ప్రోగ్రాములో ఏది చెడినా ముందు అందరికీ ఒకేసారి మెయిల్ వెళ్లే గుంపు ఉత్తరాల జాబితాలో పెట్టాలి, అక్కడ పెట్టనిది జరగనట్టే లెక్క, వేళ్లకు ఆ సంగతి తెలుసు, సంతకం సంగతి తెలియదు.

సంతకం, అవును, ప్రాగ్‌లో ఆ పరీక్షలు ఇచ్చిన కంపెనీ ఆఫీసులో, లాయరమ్మ నవ్వుతూ కలం అందించింది, మా పరీక్షలన్నీ నెగ్గితేనే మీ ప్రోగ్రాము ప్రమాణానికి సరిపోతుందన్న ముద్ర వేస్తాం, అందాకా ఏది తప్పిందో, ఎన్ని తప్పాయో బయటికి పొక్కితే పరీక్షలు వెనక్కి తీసుకుంటాం బ్లాంకగారూ, మళ్లీ ఇవ్వం, ఎంత మర్యాదగా చెప్పింది మహాతల్లి, ముద్ర లేని ప్రోగ్రామును ఏ ఆసుపత్రి వాడుతుంది, ఏ రైల్వే వాడుతుంది, ఎనభై మంది ఆరేళ్లు ఊరికే రాసి ఊరికే పంచిన పని, తన ఒక్క బొటనవేలితో మట్టిగొట్టుకుపోయింది, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

రదీమ్‌కు ఫోన్ చేసింది, జాబితా నడిపేది అతనే, చెరిపెయ్ రదీమ్, నీకు పుణ్యముంటుంది, లాయరమ్మ చూడకముందే చెరిపెయ్, పాత ఉత్తరాల్లోంచి చెరిపేస్తా తల్లీ, మరి నాలుగు వందల ఇళ్లకూ చీపురు పట్టుకుని వెళ్లనా, ఇలాంటప్పుడు కూడా ఎకసెక్కమే ఈ మనిషికి, ఏడుపొచ్చేసింది, ఏడవకు, జవాబు చూడలేదా నువ్వు, ఏం జవాబు, లాయరమ్మదా, కాదమ్మా, ఫిన్లాండులో ఉంటాడే, మనతోపాటు ప్రోగ్రాము రాసే ఆ లెక్కల టీచరు, వేసవి కోసం ఇక్కడ గడియారాలన్నీ గంట ముందుకు జరిపే రోజున మన తేదీ లెక్క తప్పుతోందట, మూడు పరీక్షలూ అక్కడే బోల్తా కొడుతున్నాయట, సవరణ కూడా పంపాడు, పావుగంట పట్టింది ఆయనకి.

పావుగంట, ఆ మూడింటితో తను పధ్నాలుగు నెలలు కుస్తీ పట్టింది, ఒక్కతే, గది తలుపు మూసుకుని, ఎవరైనా వెనక నిలబడితే తెర ఆర్పేసి, ఎలా ఉంది పని అని టీచరు అడిగినప్పుడల్లా బాగానే ఉందని రాసి, చెరిపెయ్యనా మరి అంటున్నాడు రదీమ్, లాయరమ్మ ఉత్తరం ఈరోజో రేపో రానే వస్తుంది, పరీక్షలు పోవచ్చు, ముద్రా పోవచ్చు, వద్దు రదీమ్, ఉండనీ, బయటపెట్టింది నేనేనని కంపెనీకి నేనే రాస్తాను, పిచ్చా నీకు, ఏమో, సరిచేయగలిగిన మనిషి అడుగుతూనే ఉన్నాడు, అతని దగ్గర తప్పు దాచింది ఏ కంపెనీవాడూ కాదు, తనే, తప్పు దాస్తానని ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజే తమ ప్రోగ్రాము పరీక్ష తప్పింది.