ఊళ్ళో లేని రోజులు

"ఆ తొమ్మిది రోజులూ నువ్వు మెడాన్ వెళ్ళకుండా ఉంటే ఇప్పుడు లెక్క సరిపోయేది కదా," అన్నాడు మొగుడు తేక్ సెంగ్, కాఫీలో రొట్టె ముంచుకుంటూ.

హెర్లీనా ముదురల్లం చెక్కు తీస్తోంది. రెండు కిలోలు. సన్నగా తరిగి, దోరగా వేయించి, పొడి కొట్టి డబ్బాకెత్తాలి. మెల్‌బోర్న్‌లో ఉన్న ఆడపడుచు సోక్ లియన్‌కి జనవరిలో మూడో కాన్పు. మొదటి రెండు కాన్పులకీ బాలింత పథ్యం, పసిపిల్ల స్నానం, గుట్టలకొద్దీ గుడ్డలు ఉతకడం అన్నీ హెర్లీనాయే చూసింది. ఈసారీ టికెట్టు కొనేశారు. ఎనభై ఎనిమిది రోజులు. వెళ్తావా అని అడిగిన నాథుడు లేడు.

వేరే దేశంలో ఉన్న పుట్టిల్లు మెడాన్ వదిలి పెనాంగ్‌కి కాపురానికొచ్చి పన్నెండేళ్ళు. చేతిలో ఉన్నది ఎర్ర కార్డు. అంటే ఉండనిస్తారు, అంతే. పౌరసత్వం వస్తే నీలం కార్డు. అదుంటేనే, కూర నింపిన పొపియా చుట్టలమ్మే సొంత బండికి తన పేరు మీద లైసెన్సు. మామగారి పేరున్న కొట్లో తెల్లవారకముందే పెనం ముందు నిలబడి, పల్చటి పొపియా రేకులు వందలకొద్దీ తీసేది తనే. చెయ్యి కాలితే "ఇంకా అలవాటు కాలేదా?" అంటారు అత్తగారు.

పౌరసత్వం ఆఫీసు కౌంటర్లో తలకి ముసుగు కట్టుకున్న అమ్మాయి పాపం మంచిగానే చెప్పింది. "రెండేళ్ళలో అన్నీ కలిపి ఆర్నెల్లు దాటి దేశం బయట ఉంటే కుదరదక్కా. మళ్ళీ మొదటికే." మొదటి కాన్పుకి వెళ్ళి, సోక్ లియన్ బతిమాలితే వీసా గడువు పెంచుకుని ఉండిపోయినందుకు ఒకసారి మొదటికే వచ్చింది. దరఖాస్తులో ప్రయాణ కారణం దగ్గర తేక్ సెంగ్ "విహారం" అని రాశాడు. ఆ విహారంలో ఆమె వంటగది కిటికీ దాటి మెల్‌బోర్న్‌ని చూసింది లేదు.

ఈ రెండేళ్ళ గడువు ఏప్రిల్‌తో ముగుస్తుంది. రెండో కాన్పు ఎనభై ఎనిమిది, నాన్న పోయినప్పుడు తొమ్మిది. ఇప్పుడు మళ్ళీ ఎనభై ఎనిమిది కలిపితే నూట ఎనభై అయిదు. క్యాలెండర్ కాగితాలు తిప్పి ఎన్నిసార్లు లెక్కేసినా అంతే. బయల్దేరిన రోజు కలపాలా? దిగిన రోజు వదిలెయ్యాలా? నిజంగా ఆ తొమ్మిది రోజులే తప్పా? మూడో రోజే తిరిగి రావాల్సిందా? అమ్మని అలా వదిలేసి ఎలా వచ్చేది? తేక్ సెంగ్ చెప్పిందీ నిజమే అనిపిస్తుంది, మరుక్షణం ఒళ్ళు మండిపోతుంది. ఆ పసివాళ్ళ మీద బెంగ కూడా ఉంది, అదింకో తలనొప్పి.

"మా ఇంటి మనిషివి కాబట్టేగా పంపిస్తున్నాం," అన్నారు అత్తగారు, అల్లం ముక్కలు వేళ్ళతో కదుపుతూ. "పరాయి మనిషి చేతిలో పెడతామా పిల్లని? కార్డుదేముంది, ఎక్కడికి పోతుంది? ఇంకో రెండేళ్ళు ఆగితే సరి."

ఇంటి మనిషి కాబట్టి పంపిస్తారు. పంపిస్తే వెళ్ళింది కాబట్టి ఈ దేశపు మనిషి కాదంటారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. ఇందులో ఎవర్ని తప్పు పట్టాలో ఆమెకి తెలియడం లేదు.

"మీరు వెళ్ళొచ్చుగా, అత్తయ్యా?"

మాట బయటికొచ్చాక గానీ అన్నది తనేనని తెలియలేదు.

"నేనా! ఈ మోకాళ్ళతోనా?"

"ఎత్తి పట్టుకునేది పిల్లనేగా, కొండని కాదు. మీరు ఏడాదిపాటు అక్కడున్నా ఈ ఊరు మీదే. మిమ్మల్ని ఎవరూ లెక్క అడగరు."

తేక్ సెంగ్ కప్పు కింద పెట్టాడు. "ఏంటి, కొత్తగా మాటలు నేర్చావే! టికెట్టు కొన్నాక ఇదేం గోల? నీ లెక్క చెడగొట్టుకుంది నువ్వే. చెప్పానా లేదా? ఆ తొమ్మిది రోజులూ..."

చెయ్యాల్సింది ఇదో కాదో హెర్లీనాకి ఇప్పటికీ తెలియదు. అయినా కత్తి కడిగి స్టాండులో పెట్టింది. చెక్కు తియ్యని అల్లాన్ని అత్తగారి వైపు జరిపింది.

"ఆ తొమ్మిది రోజులూ మా నాన్నవి," అంది. "అవి అలాగే ఉంటాయి. తీసెయ్యాల్సింది ఈ ఎనభై ఎనిమిదీ."