కమీలియా కంచె

"ఆసుపత్రికి ఈ పువ్వా తెచ్చేది? నేను పోవాలనా నీ కోరిక?"

పిత్తాశయం ఆపరేషనై కళ్లు తెరిచాక మా ఆయన నాతో అన్న మొదటి మాట అది.

నాలుక్కరుచుకున్నాను. కమీలియా రేకు రేకుగా రాలదు. తల తెగినట్టు పువ్వంతా ఒక్కసారే ఊడిపడుతుంది. రోగి దగ్గరకు దాన్ని తీసుకెళ్లకూడదని జపాన్‌లో మా గోతో దీవుల పసిపిల్లలకీ తెలుసు. నాకు తెలియకేం! పొద్దున్నే అత్తగారికి గంజి కాచి, ఆయన బట్టలు సర్దుకుని బయటికొస్తుంటే, వాకిట్లో కంచె మీద ఈ ఏటి మొదటి పువ్వు ఎర్రగా కనబడింది. సంబరంగా తుంచేశాను.

"ఆ తోటమాలి దెగుచికి ఫోన్ చెయ్యి. రంపం తెచ్చి కంచె మొత్తం కొట్టేస్తాడు. నేనొచ్చేసరికి అక్కడ కారు పెట్టుకోవాలి."

తలూపి బస్సెక్కాను. పెళ్లయి వచ్చినప్పుడు ఉప్పుగాలికి ఏ మొక్కా బతకని ఆ వాకిట్లో నేను నాటిన కంచె అది. ఏటా గింజలేరి, ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి నూనె తీసేది నేను. మొదటి నూనె అత్తగారి జుట్టుకి, తర్వాతది ఆయన తినే తెంపురా బజ్జీలు వేయించడానికి. "కోడలికి గిన్నె జిడ్డు చాలదూ!" అని అత్తగారు నవ్వేది. "గింజలేరడం కూడా ఒక పనేనా?" అని ఆయన. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేకుండా.

ఇంట్లో అడుగుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది. టీ ఏదని కేకెయ్యడానికి ఎవరూ లేరు. ఆయన బతికినందుకు సంతోషం, ఇంట్లో లేనందుకు హాయి. రెండూ నిజమే, ఇందులో నాకు దాపరికం లేదు. కొత్త నూనె సీసా మూత తీసి, అరచేతి నిండా పోసుకుని తలకు రాసుకున్నాను.

"హరుయో! అది నా నూనె కదే!" అంది అత్తగారు, గుమ్మంలోంచి.

"తీసింది నేనే కదత్తయ్యా."

ఆవిడ మూతి ముడుచుకుంది. తర్వాత వచ్చి నా ముందు కూలబడి, జుట్టు ముడి విప్పుకుంది. "సరేలే, మిగిలింది నాకు పెట్టు. కాస్త మెల్లిగా."

ఆవిడ తలకు రాస్తుండగానే ఫోన్ మోగింది.

"దెగుచికి చెప్పావా?"

"లేదు. చెప్పను కూడా."

"మరి కారెక్కడ పెట్టాలి?"

"రోడ్డు మీద ఉంచి, కంచె పక్కనుంచి నడిచి రండి. పువ్వు నెత్తిన పడితే దులుపుకోండి."