మొగిలయ్య ఉప్పు, వాడకట్టు బావి

నాచారంలో ఆ వాడకట్టుకు తెల్లారితే మొదటి పని బావి నీళ్లు రుచి చూడడం. కౌసల్యమ్మ బొక్కెన లాగి, దోసిట్లో ఇన్ని నీళ్లు పట్టి నోట్లో పోసుకునేది. తక్కిన ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకొని ఆమె మొహం వంకే చూసేవాళ్లు. ఆమె తలూపితే ఇంటింటా చాయ్ పొయ్యెక్కేది. ఉమ్మేసిందంటే ఆ పూట పాలు విరిగినట్టే.

ఆమె పెనిమిటి మొగిలయ్య దారం మిల్లులో ఫిట్టరు. గుండె బలహీనపడి నౌకరీ మానిన నాటి నుంచి, అతను తిన్న ఉప్పు తెల్లారేసరికి బావిలో తేలేది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎండాకాలం కరెంటు ఎందుకు పోయిందని మాత్రం ఎవరడిగారు గనక! ఆ రోజులే అలాంటివి, ఒకరి జబ్బు వాడకట్టంతటికీ జబ్బు.

"ఏం మొగిలన్నా, రాత్రి మామిడి తొక్కు జాడీల చెయ్యి వెట్టినవా? మా చాయ్ ఖరాబాయె!" అని గోడవతల నుంచి సత్తమ్మ కేకేసేది. మొగిలయ్య దొరికిన దొంగలా నవ్వేవాడు.

దవాఖానాలో డాక్టరు దాచకుండానే చెప్పాడు. "ఎన్నాళ్లుంటడో నేను చెప్పలేనమ్మా. గోలీలు తప్పొద్దు, ఉప్పు ముట్టొద్దు, కాళ్ల వాపు సూసుకోవాలె, మనిషి దిగులు పడొద్దు. సగం ఆయుష్షు మా చేతిల లేదు, మీ వంటింట్ల ఉన్నది."

ఆ రోజు నుంచి కౌసల్యమ్మ చప్పిడి కూడే వండింది. మొగిలయ్య రెండు ముద్దలు మింగి లేచిపోయేవాడు. మనిషి చిక్కిపోయాడు, మాట తగ్గింది. జబ్బు కన్నా ముందు ఈ దిగులే అతన్ని తీసుకుపోతుందేమోనని ఆమెకు బెంగ పట్టుకుంది.

పక్కింటి హైమావతి కోస్తా నుంచి వచ్చిన సైంటిస్టుగారి భార్య. ఆమె ఓ ఉపాయం చెప్పింది. "సైంధవ లవణం వాడండి వదినగారూ. మేం ఉపవాసం నాడు కూడా తింటాం. అది ఉప్పు కింద లెక్క కాదు."

దేవుడికి అడ్డం రానిది గుండెకు మాత్రం అడ్డమేముంటుందనుకుంది కౌసల్యమ్మ. ఉప్పల్ అంగట్లో గులాబీ రంగు గడ్డలు కొని రోట్లో దంచింది. ఆ రాత్రి మొగిలయ్య పప్పు మళ్లీ అడిగి వేయించుకున్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

తెల్లారి నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

"మళ్ల తొక్కు తిన్నవా?"

మొగిలయ్య కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. "తిన్ననే. నాలుక ఊకోలే."

ఆమె తిట్టింది, ఏడ్చింది, జాడీ తీసుకెళ్లి సత్తమ్మ ఇంట్లో పెట్టింది. అయినా నీళ్లు రోజురోజుకూ ఉప్పెక్కాయి. మొగిలయ్య పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. పడుకుంటే ఊపిరాడక గోడకానుకొని కూర్చునే నిద్రపోయేవాడు. వాడకట్టు బోరింగు నీళ్లకు పోసాగింది. చాయ్ సంగతి ఇప్పుడెవరూ ఎత్తడం లేదు.

ఒక పొద్దున సత్తమ్మ జాడీ పట్టుకొని బావి దగ్గరికే వచ్చింది. మూతికి కట్టిన వాసెన గుడ్డ కట్టినట్టే ఉంది. "సూడు వదినె, ముడి ఇప్పలే. అన్న మా గడప తొక్కనే లేదు."

కౌసల్యమ్మ మళ్లీ దోసిలి పట్టింది. ఈసారి ఉమ్మకుండా నీళ్లు నోట్లోనే ఉంచుకుంది. అది తొక్కు ఉప్పు కాదు, రాత్రి తను వండిన పప్పు రుచి. బొక్కెన వదిలేసి ఇంట్లోకి ఉరికింది.

"తొక్కు తిన్ననంటివి గదయ్యా!"

మొగిలయ్య ఆయాసంతో ఆగి ఆగి చెప్పాడు. "నేను తింటుంటె నీ మొకం ఎంత ఎలుగుతుండె. ఎన్ని దినాలకు నవ్వినవే... ఎట్ల చెప్పాలె?"

"నా చేతులతోని నేనే నిన్ను సంపుకుంటుంటి!"

"ఏడ్వకు. సంపినా రుచిగనే సంపుతున్నవ్."

దంచిన ఉప్పంతా ఆమె మోరీ కాలువలో పారబోసింది. ఆ పూటే రిక్షాలో దవాఖానాకు తీసుకుపోతే, సైంధవమైనా ఉప్పు ఉప్పేనని చెప్పి, ఒంట్లో నీరు దిగడానికి డాక్టరు గోలీలు మార్చాడు. విషయం తెలిసి హైమావతి కళ్లొత్తుకుంటూ వచ్చింది. చప్పిడి వంకాయ కూర గిన్నె ముందు పెట్టి తనూ వాళ్లతో తినడానికి కూర్చుంది. మర్నాడు సత్తమ్మ వచ్చింది. నిమ్మకాయ, ఎల్లిపాయ, కాల్చిన మిరపకాయ తగిలించి కౌసల్యమ్మ కొత్తగా వంట నేర్చుకుంది. నలుగురూ తింటుంటే మొగిలయ్యకు లేచిపోవడానికి మొహం చెల్లలేదు. మెల్లగా పాదాల గుంటలు పూడాయి. బావి నీళ్లు మళ్లీ తియ్యనయ్యాయి.

ఎన్నాళ్లో చెప్పలేనన్న డాక్టరు రిటైరై వెళ్లిపోయాడు. ఇంటింటికీ నల్లాలొచ్చి, బావి పూడ్చడానికి మట్టి లారీ వచ్చిన నాటికి మొగిలయ్య గట్టు మీదే కూర్చొని ఉన్నాడు. కౌసల్యమ్మ చివరి బొక్కెన లాగి, దోసిలి పట్టి తాగింది.

"ఎట్లున్నయే?"

"తియ్యగున్నయ్."

"నిజంగనా?"

"నీ లెక్క నాకు అబద్ధాలు రావు," అని మిగిలిన నీళ్లు అతని దోసిట్లో పోసింది.