తొట్టికి వేరే లైను

నడుము నొప్పికి గోలీలు మింగీ మింగీ విసిగిపోయిన రఘుపతి ఆఖరికి వేడినీళ్ల తొట్టి తెప్పించాడు. లోపల మోటారు నీళ్లను చిమ్ముతుంటే ఆ ధారకు వీపు ఆనించి కూర్చోవచ్చు. కమాన్‌పూర్‌లోని ఇంటి వెనక గచ్చు మీద దాన్ని దింపించి, గోదావరిఖని నుంచి శాంతిరాజ్‌ను పిలిచాడు. ఇద్దరూ ఒకే బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్లు. శాంతిరాజ్ అక్కడ ఎలక్ట్రీషియన్.

శాంతిరాజ్ తొట్టికి అంటించిన రేకు చదివి, మీటరు పెట్టె తెరిచి చూశాడు.

"అన్నా, దీనికి ముప్పైరెండు ఆంపుల లైను వేరే గుంజాలె. ఇంటికి మంజూరైంది రెండు కిలోవాట్లే. ఇదొక్కటే అయిదు తింటది."

"బాత్రూంల గీజరు ప్లగ్గు ఉన్నది గదా, దాంట్ల పెట్టు."

"అది పదహారు ఆంపులది. వైరు కాలుతది. ఉండు, ముందు ఎర్తు చూస్త."

బాత్రూంలో గీజరు నడుస్తోంది. నల్లాకూ తడి నేలకూ మధ్య మీటరు పెట్టాడు. సున్నా ఉండాల్సింది తొంభై వోల్టులు చూపింది. ప్లగ్గు విప్పితే ఎర్తు వైరు ఎప్పుడో తెగి వేలాడుతోంది.

గుమ్మంలో నిలబడ్డ రఘుపతి భార్య లస్మవ్వ అంది: "నల్లా ముట్టుకుంటే చేతులు జుమ్మంటున్నయని ఆర్నెల్ల సంది చెప్తున్న. ఒక్కలన్న ఇన్నరా?"

పోయిన చలికాలం ఇదే ఇంట్లో చాయ్ తాగుతూ ఆ మాట శాంతిరాజ్ కూడా విన్నాడు. "తిమ్మిర్లు వదినే, బలం గోలీలు వేసుకో" అని నవ్వాడు కూడా. బాయిలో మాత్రం కరెంటు లీకు పరీక్ష చేయనిదే ఏ షిఫ్టులోనూ మిషను ముట్టనిచ్చేవాడు కాదు.

"తప్పు నాదే వదినే. ఆనాడే చూడాల్సుండె" అన్నాడు. అప్పటికప్పుడు గీజరు బందు చేసి, వైర్లు పీకేశాడు.

"మరి తొట్టి?" అన్నాడు రఘుపతి మెల్లగా.

"కరెంటాఫీసుల దరఖాస్తు పెట్టు. లోడు పెంచి, త్రీ ఫేజు ఇచ్చినంకనే."

అది రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా శాంతిరాజ్ పెరట్లో గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ నింపి కొత్త ఎర్తు వేశాడు. తొట్టికి లావుపాటి రాగి కేబులు లాగి, లీకైతే రెప్పపాటులో కరెంటు ఆపే బ్రేకరు బిగించాడు. స్విచ్చును తొట్టిలో నుంచి చెయ్యి చాపినా అందనంత దూరంలో పెట్టాడు.

నీళ్లు వేడెక్కిన రోజు లస్మవ్వను పిలిచి బ్రేకరు మీది చిన్న బటన్ చూపించాడు.

"నెలకోసారి ఇది ఒత్తాలె. టప్పున పడిపోతె మంచిగున్నట్టు. పడకపోతె నాకు ఫోన్ చెయ్యి, ఎవ్వలనూ దిగనియ్యకు."

ఆమె ఒత్తింది. టప్పుమంది. మళ్లీ వేసి, ఇంకోసారి ఒత్తింది. తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ రఘుపతి వైపు అప్పుడు తిరిగింది.

"ఇగ దిగు" అంది.