పుడ్డింగు లేచేదాకా

ఆదివారం మధ్యాహ్నం పుడ్డింగు ఓవెన్‌లో ఉన్నంతసేపూ మా ఇంట్లో వెనక తలుపు గడియ తీయరు. ఇది మా అమ్మ నాకు పెట్టిన నియమం, ఆవిడకి వాళ్ళమ్మ పెట్టింది. మా వంటగది తలుపు తీస్తే నేరుగా పెరడే. కొండ మీది గాలి ఒక్కసారి లోపలికి దూరిందంటే పొంగుతున్న పుడ్డింగు చతికిలబడుతుంది, మళ్ళీ తలకిందులుగా తపస్సు చేసినా లేవదు. లండన్ వాళ్ళకి ఇదంతా చాదస్తం. మాంసం పక్కన బొత్తామంత ముక్క పెట్టుకుని అదే యార్క్‌షైర్ పుడ్డింగు అనుకునేవాళ్ళతో నాకు వాదన దేనికి? తీపి వెయ్యకుండా గుడ్లూ పాలూ పిండీ కలిపి, కాగిన కొవ్వులో పోసి కాలిస్తే మా ఇంట్లో అది రేకు పళ్ళెం నిండా వస్తుంది. వేడి గ్రేవీ పోసి ముందు అదే వడ్డిస్తాం, మాంసం ఆ తర్వాతే.

"పుడ్డింగు ఎవరెక్కువ తింటే వాళ్ళకే మాంసం ఎక్కువ," అనేవాడు మా ఆయన విల్ఫ్. మా అమ్మాయి బెరిల్ చిన్నప్పుడు అది నిజమని నమ్మి పొట్ట పగిలేలా తినేది. తీరా మాంసం వచ్చేసరికి కడుపులో చోటుండేది కాదు. ఆ మాంసం ముక్క మాకు బుధవారం దాకా రావాలి మరి.

విల్ఫ్‌కి గడియ మీద కూడా వేళాకోళమే. పొద్దుటంతా కూరగాయల మడి దగ్గర గడిపి, సరిగ్గా పుడ్డింగు ఓవెన్‌లో ఉన్నప్పుడే వచ్చి తలుపు మీద మూడుసార్లు కొట్టేవాడు.

"ఈనిడ్ మహారాణీ, లేచిందా?"

"ఇంకా లేవలేదు! అక్కడే ఉండు!"

"వానలో తడుస్తున్నానే తల్లీ!"

"ఉప్పుబొమ్మవా కరిగిపోడానికి? ఉండమన్నానా!"

ముప్ఫై ఒక్క ఏళ్ళు మాది ఇదే పాట. పక్కింటి మిసెస్ సగ్డెన్ మా కేకలు విని గడియారం సరిచేసుకునేది.

మూడేళ్ళ కిందట నవంబరులో ఒక ఆదివారం అలాగే మూడు దెబ్బలు వినిపించాయి. లేచిందా అని మాత్రం అడగలేదు. నేను గమనించాను. గమనించి కూడా, ఇవాళ కొత్త వేషం వేస్తున్నాడులే అనుకున్నాను. "ఇంకా లేవలేదు! అక్కడే ఉండు!" అని నా వంతు కేక నేను పెట్టి, బంగాళాదుంపల మీద మూత తీసి చూసుకున్నాను. కాసేపటికి నాలుగో దెబ్బ వినిపించింది. ఒక్కటే, తలుపు అడుగున, మోకాలి కంటే కిందికి. బూటుతో తంతున్నాడనుకుని ఒళ్ళు మండింది.

"తలుపు విరిగిందంటే నీ పుడ్డింగు కుక్కకి పెడతా!" అన్నాను.

విల్ఫ్‌తో నేనన్న ఆఖరి మాట అదే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి ఇంట్లో మనిషే దక్కలేదు.

గడియారం చూసుకుంటూ ఇరవై అయిదు నిమిషాలూ నిండాకే ఓవెన్ తెరిచాను. నా జన్మలో అంత మంచి పుడ్డింగు రాలేదు. అంచులు జానెడు లేచి, ఎర్రగా కాలి, నడుమ మెత్తగా ఉంది. ఆ సంబరంతోనే గడియ తీశాను. మెట్టు మీద కూర్చుని తలుపుకి ఆనుకున్న మనిషి వెనక్కి ఒరిగి నా కాళ్ళ మీద పడ్డాడు. ఒళ్ళో క్యాబేజీ అలాగే ఉంది.

"లే విల్ఫ్, లేచింది, నువ్వూ లే," అన్నాను. ఎన్నిసార్లన్నానో తెలీదు. మిసెస్ సగ్డెన్ వచ్చి నన్ను విడిపించేదాకా అంటూనే ఉన్నానట.

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. "క్షణంలో పోయాడమ్మా, మీరేం చేయగలిగేవారు కాదు," అన్నాడు, మంచి మనిషి. క్షణంలో పోయినవాడు నాలుగోసారి తలుపు కొట్టడని ఆయనతో నేననలేదు. తలుపు చప్పుడు వినలేదా అని బెరిల్ అడిగితే, "కుళాయి తిప్పి ఉంది, ఏమీ వినపడలేదు," అన్నాను. అది నమ్మింది. నన్ను కావలించుకుని, "నీ తప్పేం లేదమ్మా," అని ఏడ్చింది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. భయపడ్డాను. ఉన్నది ఒక్కగానొక్క కూతురు.

మూడు వారాల తర్వాత మళ్ళీ పుడ్డింగు పెట్టాను. కొవ్వు పొగలొచ్చేదాకా కాచి, జారుగా కలిపిన పిండి పోసి, ఓవెన్ మూసి, గడియ పెట్టాను. పదకొండు నిమిషాలకి తలుపు మీద మూడు దెబ్బలు వినిపించాయి. పెదవి దాకా వచ్చిన కేక అక్కడే ఆగిపోయింది. కాసేపటికి నాలుగోది వినిపించింది, అడుగున. నేను గోడకి అతుక్కుని నిలబడ్డాను, గడియ మీదికి చెయ్యి పోలేదు. ఆ మరుసటి ఆదివారమూ అంతే, ఆ పైవారమూ అంతే. పళ్ళెం తీసుకెళ్ళి మెట్ల కింద బొగ్గు బస్తా వెనక దాచేశాను. పుడ్డింగు లేని ఆదివారాల్లో చప్పుడూ లేదు.

మొన్న నవంబరులో విల్ఫ్ పోయి మూడేళ్ళు నిండిన ఆదివారం, బెరిల్ హాలిఫాక్స్ నుంచి వచ్చింది. వస్తూనే మెట్ల కింద దూరింది.

"ఏం వెతుకుతున్నావే అక్కడ?"

"పుడ్డింగు పళ్ళెం. మూడేళ్ళ నుంచి ఉత్త మాంసం తింటున్నాం, పక్క జిల్లా లాంకషైర్ వాళ్ళలాగ. నాన్న చూస్తే తల కొట్టుకుంటాడు."

"వద్దు బెరిల్."

"నువ్వు కూర్చో. నేను చేస్తా. ఒక్క నాన్న కోసం."

ఇంకేమనను? గుడ్లు కొట్టి, పిండి గిలకొట్టి, గంటసేపు పక్కన పెట్టింది. కొవ్వు కాగాక పిండి పోస్తే చుయ్యిమంది. ఓవెన్ మూసింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గడియ పెట్టి వచ్చింది, అమ్మమ్మ పోలిక. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని గడియారం వైపే చూస్తున్నాను.

మూడు దెబ్బలు.

బెరిల్ చెంచాలు తుడుస్తూనే ఉంది. "అలా పాలిపోయావేంటమ్మా?" అంది. దానికి వినపడలేదు. నాకు మాత్రం తలుపు చెక్క అదిరినట్టు తెలుస్తోంది. నాలుగోది ఇంకా రాలేదు. ఈసారి కూడా అది వినిపించేదాకా కూర్చున్నానంటే నేను మనిషిని కాననిపించింది. కుర్చీ పడిపోయేలా లేచి వెళ్ళి గడియ లాగి తలుపు బార్లా తీశాను.

మెట్టు మీద ఎవరూ లేరు. తడి రాయి ఒక్కటే ఉంది. గాలి మాత్రం ఒక్క దూకుగా వంటింట్లోకి వచ్చింది, సరిగ్గా అప్పుడే పుడ్డింగు ఏమైందోనన్న కంగారులో బెరిల్ ఓవెన్ తెరిచి చూసింది. పుడ్డింగు మా కళ్ళ ముందే కుంగిపోయింది.

"ఏంటమ్మా ఇది! ఎవరొచ్చారని?"

"మీ నాన్న."

బెరిల్ ఓవెన్ మూసేసి నా వైపు తిరిగింది.

"విన్నానే ఆ రోజు," అన్నాను. "కుళాయి తిప్పలేదు, ఏం లేదు. మూడుసార్లు కొట్టాడు, విన్నాను. అక్కడే ఉండమన్నాను. మళ్ళీ కింద కొట్టాడు, అదీ విన్నాను. తిట్టాను."

"ఎంతసేపు?" అంది.

"పధ్నాలుగు నిమిషాలు. పుడ్డింగు లేచేదాకా."

ఓవెన్ గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది. కోటు తొడుక్కుంది. తెరిచున్న వెనక తలుపు వైపు, ఆ మెట్టు వైపు, ఒకసారి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి ముందు గదిలోంచి వీధి తలుపు తెరుచుకుని వెళ్ళిపోయింది. మా వీధిలో ఆ తలుపు పెళ్ళికీ శవానికీ తప్ప తీయరు. విల్ఫ్ వెళ్ళింది అందులోంచే.

ఆ సాయంత్రం స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ ఊడదీశాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం తలుపు బార్లా తీసి, కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెట్టి, పుడ్డింగు పెడుతున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. పుడ్డింగు అట్టులా పడుకుంటుంది. అదే గ్రేవీ పోసుకుని తింటాను. చప్పుడు మళ్ళీ రాలేదు. వస్తే బాగుండునని చెవులు రిక్కించుకుని కూర్చునే రోజు వస్తుందని ఎప్పుడైనా అనుకున్నానా? విల్ఫ్ కొట్టడు, బెరిల్ రాదు. ఇంట్లో గాలి తప్ప తిరిగే ప్రాణి లేదు.

అయిదో ఆదివారం పళ్ళెం ఓవెన్‌లో పెట్టి, వీపు తలుపు వైపు పెట్టుకుని క్యాబేజీ తరుగుతున్నాను. తెరిచున్న తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. కత్తి చేతిలోనే ఆగిపోయింది. తిరిగి చూస్తే ఖాళీ మెట్టే కనిపిస్తుందేమోనని తిరగలేకపోయాను.

"లేచిందా?" అంది బెరిల్ గొంతు.

"లేవలేదు," అన్నాను. "లోపలికి రా."