గొట్టం నోటికి అడ్డంపడిన సబ్బు పెట్టె

నేను ఒక సబ్బు పెట్టెను. గులాబీ రంగు, మూత లేదు, అడుగున ఆరు చిల్లులు. విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు కరిగించి నన్ను పోతపోశారు. నన్ను కొన్న బడిపంతులు కాలవలో స్నానం చేస్తూ జారవిడిచాడు. మొలలోతు నీళ్ళలో నిలబడి సబ్బు కోసం చాలాసేపు తడుముకున్నాడు. నాకోసం వెతకలేదు.

కొట్టుకుపోయి కొల్లేటి ఒడ్డున ఒక తుంగ మడుగు చేరాను. అక్కడ బొటనవేలంత మనుషులు కాపురముండేవారు. తుంగవాళ్ళమని చెప్పుకునేవారు. వాళ్ళ పిల్లల్ని సాకే నాచి నా చిల్లులకు మైనం పెట్టి నన్ను పడవ చేసింది.

ఒక ఉదయం మడుగంతా వణికింది. అక్కడ చేపల చెరువు తవ్వాలట. నీళ్ళు తోడెయ్యడానికి గట్టు మీద ఇంజను పెట్టి, దాని గొట్టం మడుగులోకి దించారు. దాన్ని నడిపే కూలివాడి పేరు ఏసుపాదం.

పొద్దెక్కేసరికి తుంగ వేళ్ళు బయటపడ్డాయి. పెద్ద సరస్సులోకి పోవడానికి ఉన్నది ఒక్కటే పాయ. అదీ ఎండితే మిగిలేది బురద. అందులో అడుగుపెడితే తుంగవాళ్ళు మెడదాకా కూరుకుపోతారు. పైన కాకులు అప్పుడే తిరుగుతున్నాయి.

"ముందు పిల్లల్ని దాటించవే నాచీ," అన్నాడు పెద్దవాడైన గుల్లతాత. "మా సంగతి తర్వాత."

పదకొండుమంది పిల్లలు నాలో సర్దుకున్నారు. నాచి పుల్లతో తోసింది. సగం దూరం పోయామో లేదో, ఇంజను లాగుడుకు నేను గిర్రున తిరిగి గొట్టం వైపు జారసాగాను.

"ఒంగుని కూచోండర్రా! ఎవరూ లేవకండి!"

నాచి తామరతూడు విసిరి ఒక తుంగదుబ్బుకు తగిలించింది. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే దుబ్బు మీదికి ఎక్కించింది. చివరివాడు ఆమె కొంగు వదల్లేదు.

"నువ్వూ రా అత్తా!"

"వస్తాన్రా, ముందు నువ్వెక్కు."

వాడు ఎక్కాక వెనక్కి చూసింది. గుల్లతాతా మిగతా నలభైమందీ ఇంకా బయల్దేరిన చోటే ఉన్నారు. పాయ జానెడు వెడల్పుకు చిక్కిపోయింది. ఇంకో విడతకు వ్యవధి లేదు.

"ఏమే పెట్టే, ఆ గొట్టానికి అడ్డంపడదామా?" అంది నాతో. అంతవరకూ నన్ను ఏదైనా అడిగినవాళ్ళు లేరు.

తూడు విప్పేసి, మైనం పీకేసింది. నీళ్ళు బుసబుసా లోపలికొచ్చాయి. దూకెయ్యాలనే చూసింది గాని, ప్రవాహం దూకనివ్వలేదు. ఇద్దరం కలిసే పోయి గొట్టం నోటికి అతుక్కున్నాం. నా అడుగు ఫెళ్ళున పగిలింది. అయినా ఊడిరాలేదు. నీళ్ళు ఆగి, ఇంజను వట్టినే అరిచింది.

"ఏవైందిరా దీనికి!" ఏసుపాదం ఇంజను కట్టేసి, నీళ్ళలోకి దిగి నన్ను లాగాడు. నా అంచు పట్టుకుని వేలాడుతున్న నాచిని చూసి నన్ను కళ్ళ దగ్గరికి ఎత్తుకున్నాడు.

"నీళ్ళు ఆపయ్యా," అంది ఆమె. "మావాళ్ళు దాటాలి."

"నేనాపితే రేపు ఇంకొకణ్ణి పెడతారమ్మా. ఈ మడుగు ఉండదు."

"రేపటిదాకా చాలు."

ఏసుపాదం బురదనూ కాకులనూ చూశాడు. జేబులో ఫోను మోగింది, చెరువు తవ్విస్తున్న ఆసామి. "ఇంజను మొరాయించిందండి. రేపు పొద్దున్నే వేస్తానండి," అని పెట్టేశాడు.

నేనిక పడవగా పనికిరాను. ఏసుపాదం తన రబ్బరు చెప్పు విడిచి నీటిమీద పెట్టాడు. పొద్దువాలేలోగా నాలుగు విడతలు, మోకాళ్ళ లోతు బురదలో నడుస్తూ, దాన్ని రెండు వేళ్ళతో మెల్లగా తోశాడు. పిల్లలనూ దుబ్బు మీంచి దింపి ఎక్కించాడు. నాచి ఆఖరున ఎక్కింది.

నన్ను ఇంజను వెనక నూనెడబ్బాల చెత్తలో పడేశాడు. అక్కణ్ణుంచే మర్నాటి సంగతి చూశాను. ఇంజను తిప్పడానికి హ్యాండిల్ పట్టుకున్న ఏసుపాదం ఆగి, సరస్సు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"అందరూ దాటినట్టేనా అమ్మా?"

జవాబు రాలేదు. ఎవరైనా మిగిలుంటే దాటనీ అనుకుంటూ హ్యాండిల్ పక్కన పెట్టి గట్టుమీద కూచున్నాడు. ఎండ నెత్తికొచ్చేదాకా లేవలేదు.